టిక్కెట్టు వెనుక ఆటవెలది: టీకాతాత్పర్య సహితము

అవతారిక

కవి బతికుండగా, అందులోనూ పక్కవీధిలోనే ఉండగా, అతని పద్యానికి టీక రాయడం క్షేమం కాదు. కొలచాల మల్లినాథసూరికి ఆ భయం లేకపోయింది. కాళిదాసు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి "నేనన్నది అది కాదయ్యా" అనడు గదా. నాకా ముప్పు ఉంది. అయినా పద్యం చిన్నదీ దాని మీద తగవు పెద్దదీ కావడం చేత, బేస్తవారిపేట బస్టాండు దగ్గర టీ బంకులో కూర్చునే పెద్దలు "నువ్వయితే నాలుగక్షరాలు చదువుకున్నోడివి, తేల్చు" అని మెడ మీద కూర్చోవడం చేత పూనుకున్నాను.

కర్త మా పెద్దమ్మ కొడుకు. పేరు బయటపెట్టవద్దన్నాడు గనుక కవి అనే వ్యవహరిస్తాను. వేసవి సెలవుల్లో భార్యాబిడ్డలతో హైదరాబాదు పోయినాడు. అక్కడొక మాలులో, హత్య జరిగిన ఇంటిని బొమ్మకట్టి, హంతకుణ్ణి చూడవచ్చినవాళ్లే పట్టుకోవాలని ఏర్పాటు చేసిన ప్రదర్శన ఒకటి ఉంది. మనిషికి ఎనిమిది వందలు. లోపల బొమ్మ శవం, చుట్టూ ఆధారాలు, చేతికొక భూతద్దం, ఒక పెన్సిలు, గంట గడువు. బయటికి వచ్చినాక ఆ పెన్సిలుతోనే టిక్కెట్టు వెనుక ఈ పద్యం గీకినాడు. పెన్సిలు తిరిగి ఇవ్వలేదనే సంగతి టీకాకారుడికి తెలుసు. విమర్శకు అది అవసరం లేదు.

మూలము

దొంగ యెవడొ తెలియ దుడ్డిచ్చి లోపల
కరుగు జనుల మొగము లరసి చూడ
గేటు కడను నిలచి కిక్కురు మనకయె
చిల్లరిడని వాడె చేతికందు

ఆటవెలది. మూడో పాదంలో "గే"కు "కి" యతి ఎట్లా కుదిరిందని ఎవరైనా అడిగితే, క గ లు ఒకే వర్గం, ఏ ఇ లకు మైత్రి ఉంది అని చెప్పి పంపండి. చిల్లర లెక్క ఎటుపోయినా కవి గణాల లెక్క సరిగానే ఉంది.

నాలుగో పాదానికి పాఠాంతరం ఒకటి ప్రచారంలో ఉంది. టిక్కెట్టు చొక్కా జేబులో చెమటకు తడిసి అక్షరాలు అలికినట్టయినందున, గిద్దలూరు వైపు మిత్రులు దాన్ని "చిల్లరడుగు వాడె" అని చదువుతున్నారు. గణాలు అప్పుడూ సరిపోతాయి. అర్థం మాత్రం గేటుకు అటు పక్క నుంచి ఇటు పక్కకు దూకుతుంది. దాని సంగతి చివర.

ప్రతిపదార్థము

దొంగ యెవడొ = దొంగ ఎవ్వడో. ప్రదర్శనలో జరిగింది హత్య, దొంగతనం కాదు. హంతకుడంటే యతి చెడుతుందని కవి నేరాన్ని తగ్గించాడు. శిక్షాస్మృతి ఒప్పుకోకపోయినా లక్షణ శాస్త్రం ఒప్పుకుంటుంది.

దుడ్డిచ్చి = రుసుము చెల్లించి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కర్నూలు జిల్లా నుంచి అప్పటి కొత్త ఒంగోలు జిల్లాలోకి వచ్చినా, ఇక్కడివాళ్ల జేబులో ఉన్నది దుడ్డే, డబ్బు ఒంగోలుది.

ఇచ్చట పూర్వపక్షం. పూర్వపక్షి మా మేనమామ. ఆయన వాదాన్ని ఆయన మాటల్లోనే ఇవ్వడం న్యాయం.

"ఏంది అబ్బీ, నలుగురికి మూడువేల రెండొందలు పోసి బొమ్మ శవాన్ని సూసొచ్చినారా? మన పేటలో గొర్రె పోతే పదిమంది పోగై, ఎవుడు తోలకపోయినాడో టీ చల్లారేలోపల తేల్చరా? ఒగ రూపాయి కర్సా?"

వాదం బలమైనదే. కానీ అందులో ఒక లోటుంది. టీ బంకులో పదిమంది పోగైతే తేలేది పన్నెండు మంది దొంగలు. మామ చెప్పే గొర్రె ఎవరిదో, ఎవడు తోలకపోయాడో నేటికీ ఏకాభిప్రాయం లేదు. తోలకపోయినవాడు కూడా ఆ బంకులోనే కూర్చుని టీ తాగుతూ ఉండవచ్చు, వాడి అభిప్రాయమూ లెక్కలోకి వచ్చి ఉండవచ్చు. మన ఊళ్లలో పరిశోధన ఉచితం, నిజమే. సమాధానం మాత్రం ఉచితంగా దొరకదు. అసలు దొరకదు.

అద్దె పుస్తకాల కాలం చూసినవాళ్లకు ఇది తెలుసు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును పావలా అద్దెకు ఇంటికి తెచ్చుకునేవాళ్లం. నవల చేతులు మారి మారి, బంతిపువ్వు రేకులు రాలినట్టు పేజీలు రాలి, మనదాకా వచ్చేసరికి ఆఖరి ఫారం ఉండేది కాదు. యుగంధర్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అనే దాకా ఉండేది. తర్వాత అట్ట. పావలాకు అంతే. పూర్తి ప్రతి కొనుక్కునే స్తోమత ఉన్నవాడికే హంతకుడు తెలిసేవాడు.

ఇంకా దూరం పోతే అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ 1940లలో పోలీసుల శిక్షణ కోసం హత్యాస్థలాలను బొమ్మరిళ్లుగా కట్టింది. అడుగుకు అంగుళం చొప్పున కుదించి, గోడ మీది క్యాలెండరు, పొయ్యి మీది గిన్నె, నేల మీది రక్తపు మరక ఏదీ వదలకుండా. 2017లో వాషింగ్టన్‌లోని రెన్విక్ గ్యాలరీలో వాటిని జనానికి చూపించారు. లోపలికి పోవడానికి టిక్కెట్టు లేదు. జవాబులు కూడా లేవు. ఆ బొమ్మరిళ్లు ఇప్పటికీ శిక్షణకు వాడతారు గనుక ఎవరు చంపారో బయటికి చెప్పరు. ఉచితానికి రహస్యం వస్తుంది, దుడ్డుకు తీర్పు వస్తుంది అనే సిద్ధాంతానికి ఇంతకన్నా పెద్ద ప్రమాణం నేను చూపలేను.

కనుక ఎనిమిది వందలు శవానికి కాదు, భూతద్దానికి కాదు, ఏసీకి అసలే కాదు. గంట తిరిగేసరికి ఒకడు వచ్చి "ఇదిగో వీడు" అని చెప్పేదానికి. నిజంగా సాక్షిగా పేరెక్కినవాణ్ణి అడగండి, వాయిదా తర్వాత వాయిదా అంటే ఏమిటో, ఎన్ని కూలి దినాలు పోతాయో చెబుతాడు. గంటలో ముగిసే కేసుకు ఎనిమిది వందలంటే మామ మాత్రం ఎందుకు ఎగిరిపడాలి?

తెలియ = తెలుసుకొనుటకై. కవి ప్రాణమంతా ఈ మూడక్షరాల మీద ఉంది. ఏది తెలియడానికి? హంతకుడి పేరు తెలిస్తే చాలునా, పట్టే విద్య కూడా తెలియాలా?

పేరు చాలునంటే ప్రదర్శన ఎట్లా ఉన్నా సరే. విద్య కావాలంటే మాత్రం పోల్చిచూడవలసింది ఒకటుంది. అది మన పోలీస్ స్టేషన్లలోనే ఉంది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ రోజును పోలీసు అమరవీరుల సంస్మరణ దినంగా జరుపుతూ, ఆ వారంలో స్టేషన్లలో "ఓపెన్ హౌస్" అని బడిపిల్లలను పిలిచి తుపాకులు, జాగిలాలు, క్లూస్ టీమ్ సామాను చూపిస్తారు. కవి కూతురు ఒకసారి బడి నుంచి పోయి చూసింది. ఆ పిల్ల చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

క్లూస్ టీమ్ ఆయన గాజు గ్లాసు ఒకటి పట్టుకోమన్నాడట. తర్వాత మెత్తటి కుచ్చు బ్రష్షును నల్ల పొడిలో అద్ది, పొడి దులిపి, గ్లాసు మీద గుండ్రంగా తిప్పితే, ఏమీ లేని చోట ఆ పిల్ల బొటనవేలు సుడి తిరుగుతూ పైకొచ్చింది. దాని మీద టేపు అతికించి, బుడగ పడకుండా వేలితో నొక్కి, లాగి తెల్లకార్డు మీద అంటిస్తే అయిపోయింది. పిల్ల ఊరుకోలేదు; "పలక మీద వస్తదా సార్?" అంది. పలకల మార్కాపురం పక్కన పుట్టిన పిల్ల అడగవలసిన ప్రశ్నే. నల్లపలక మీద నల్లపొడి కనబడదు, తెల్లదో వెండిరంగుదో వాడాలన్నాడు. అదయినా, రాయి గరుకు గనుక గీతలు తెగి తెగి వస్తాయి. గాజు దాచలేదు, రాయి సగం దాస్తుంది.

ఇది ఉచితంగా దొరికిన విద్య. ఎనిమిది వందల ప్రదర్శనలో ఇదే వేలిముద్ర అద్దాల పెట్టెలో, ముందే తీసి, పక్కన చీటీ అతికించి పెట్టి ఉంది. చదువుకుని ముందుకు పోవాలి. ఇక్కడ ప్రదర్శనకు మార్కులు తగ్గించక తప్పదు.

ఆ చీటీలో వేలిముద్రల చరిత్ర కూడా రెండు వాక్యాలు ఉందట, హెన్రీ పద్ధతి అని. కథ అక్కడ మొదలుకాదు. 1858లో బెంగాలులోని జంగీపురంలో విలియం హెర్షెల్ అనే దొర, రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు ఒప్పందం మీద సంతకానికి బదులు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ప్రపంచంలోని మొదటివాటిలో అదొకటి. లక్షల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెదికి పట్టే వర్గీకరణ లెక్క కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల శ్రమ ఉంది. పేరు పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది అయింది. తర్వాతెప్పుడో ఒకరికి ఖాన్ బహదూర్, ఒకరికి రాయ్ బహదూర్ బిరుదులిచ్చి సరిపెట్టారు. నాలుగో పాదంలోని "చిల్లరిడని వాడు" ఈ సందర్భంలో ఎవరో పాఠకులు ఊహించుకోవచ్చు, టీకాకారుడు కిక్కురుమనడు.

తెలియ అనే పదం మీద ఇంకొక ఆక్షేపణ. చీకటి గదిలో ఊదారంగు టార్చి కొడితే రక్తం నీలంగా వెలిగిందని, పిల్లలు కేరింతలు కొట్టారని కవి చెప్పాడు. అది రంగు. రక్తం ఆ టార్చి కింద వెలగదు, ఇంకా నల్లబడుతుంది. నీలంగా వెలిగించేది లూమినాల్ అనే మందు. దాన్ని చల్లితే టార్చి అక్కర్లేదు, చీకటి చాలు. పైగా అది రక్తానికే కాదు, బ్లీచింగ్ పౌడరుకూ వెలుగుతుంది. వానాకాలం మన పంచాయతీవాళ్లు కాలవల వెంట బ్లీచింగ్ చల్లి పోయినాక ఇక్కడ లూమినాల్ కొడితే బేస్తవారిపేట మొత్తం హత్యాస్థలమే అవుతుంది. ఇట్లాంటి తికమకను ప్రదర్శనలో పెట్టివుంటే ఎనిమిది వందలకు ఇంకొక వంద కలిపి ఇవ్వవచ్చు. వెలిగిందల్లా రక్తం కాదని తెలిసినప్పుడే గదా పరిశోధన మొదలయ్యేది.

లోపలకరుగు జనుల = లోనికి పోవు మనుషుల యొక్క; మొగములు = ముఖములను; అరసి చూడ = పరికించి చూడగా. సులభం. ఒకటే విశేషం: ఎనిమిదిమంది గుంపుగా పోవద్దు. ఇద్దరు వెదుకుతారు, ఒకడు తాళం దగ్గర నిలబడి అందరినీ తిడతాడు, మిగతావాళ్లు ఫోటోలు దిగుతారు. నలుగురు మించితే టిక్కెట్టు దండగ. ఏడెనిమిదేళ్లలోపు పిల్లలను తీసుకుపోతే వాళ్లకు శవం గుర్తుంటుంది, కారణం గుర్తుండదు. రాత్రి మీకు నిద్ర ఉండదు.

ఈ సందర్భంలో ఒక జాతిభేదం చెప్పాలి. 2007లో రెండు పుట్టాయి. చికాగో సైన్స్ మ్యూజియంలో, టీవీ సీరియల్ పేరుమీద "సీఎస్ఐ: ది ఎక్స్‌పీరియన్స్" అనే ప్రదర్శన తెరిచారు. దాన్ని తయారుచేసింది టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ మ్యూజియం. ఇంట్లోకి దూసుకొచ్చిన కారు, మోటెల్ వెనక సందులో శవం, ఎడారిలో పుర్రె అని మూడు కేసులు. ఒకటి ఎంచుకుని చూసినవి రాసుకుంటూ, ప్రయోగశాల బల్లలు దాటుకుంటూ పోవాలి. అదే ఏడు జపాన్‌లోని క్యోటోలో గదిలో పెట్టి తాళం వేసే ఆట మొదలైంది. ఇప్పుడు హైదరాబాదులో దొరికేవి ఎక్కువగా ఈ రెండో కులానివి, మొదటి కులం పేరు పెట్టుకున్నవి. అంకెల తాళం, అక్షరాల తాళం, తాళంలో తాళం. తాళం తీయడం దొంగ నేర్చే విద్య, దొంగను పట్టేవాడిది కాదు. మెదడుకు మేత అంటే కాదనను. కానీ బోర్డు మీద "నేర పరిశోధన" అని రాసి లోపల బీరువాలు తెరిపిస్తే, టిక్కెట్టు ధరలో సగం బోర్డుకే పోయినట్టు.

కవి చూసినది రెండూ కలిసిన సంకరం. అయినా అందులో ఒక మంచి ఆధారం పడింది, దానికి న్యాయం చేయాలి. శవం పక్కన బల్ల మీద టీ కప్పు. కప్పు చెవి ఎడమ పక్కకు తిరిగి ఉంది. కవి కూతురు ఎడమచేతి వాటం పిల్ల. చూడగానే "నాయనా, ఈ టీ తాగినోళ్లు నాలాంటోళ్లే" అంది. కవి "పనిమనిషి తుడిచి అట్ల పెట్టింటాదిలేమ్మా" అని పక్కకు లాగి, అరగంటసేపు వంటవాడి మీద కేసు కట్టాడు. గంట మోగినాక వచ్చి చెప్పినవాడు చెప్పింది: ఎడమచేతి వాటం గల బావమరిది. కవి భార్య ఒక్కతే ఆ తీర్పును ఒప్పుకోలేదు. "మీ ఆటల్లో గూడ మా అన్నదమ్ములేనా దొరికేది?" అని అడిగి, మాలు మెట్లు దిగేదాకా మాట్లాడలేదు.

నా మట్టుకు నాకు టిక్కెట్టు అక్కడ గిట్టింది. పన్నెండేళ్ల పిల్ల చూసింది, తండ్రి కాదన్నాడు, మూడో మనిషి వచ్చి పిల్లదే నిజమన్నాడు. టీ బంకులో ఇది జరగదు. అక్కడ తండ్రే గెలుస్తాడు, అక్కడికి పిల్ల రాదు గనుక. ఓపెన్ హౌస్‌లో పొడి, బ్రష్షు నిజమైనవే, కేసు లేదు. అద్దె నవలలో కేసు ఉంది, ఆఖరి ఫారం లేదు. చెవి ఎడమకు తిరిగిన కప్పు ఒక్కటైనా ఉన్న ప్రదర్శనకు ఒకసారి ఇవ్వవచ్చు. రెండోసారి అదే చోటికి పోతే అది పరిశోధన కాదు, చుట్టరికం.

గేటు కడను నిలచి = ద్వారము దగ్గర నిలబడి. ఇచ్చట నొక శంక. ఫోన్‌తో చెల్లింపులు చేసే ఈ రోజుల్లో చిల్లర ప్రసక్తి ఎక్కడిది? సమాధానం: కవి ఫోన్ బస్సులోనే చార్జింగు అయిపోయింది. ఏడు అయిదువందల నోట్లిచ్చాడు. మూడువేల అయిదువందల్లో మూడువేల రెండువందలు పోను మూడువందలు రావాలి.

కిక్కురు మనకయె = నోరు మెదపకనే. కవికి ఇక్కడ కొంచెం అతిశయోక్తి దోషం పట్టింది. గేటు మనిషి నోరు మెదిపాడు. "చిల్లర లేదు సార్, లోపల కెఫేలో అడ్జస్ట్ చేస్తాం" అన్నాడు. కెఫేలో మూడువందలకు రెండు కాఫీలు, ఒక మొక్కజొన్న పేలాల పొట్లం వచ్చాయి. కాఫీ బాగుందా అని అడిగితే కవి మాట మార్చాడు. కనుక కిక్కురుమనకపోవడం కవికే అన్వయిస్తుందని ఒక పక్షం. వాక్యనిర్మాణం ఒప్పుకోదు గానీ, అనుభవం ఒప్పుకుంటుంది.

తాత్పర్యము

హంతకుడెవడో తెలుసుకుందామని రూకలు చెల్లించి లోపలికి పోయే మనుషుల ముఖాలు పరికించి చూడగా, గేటు దగ్గర నిలబడి చప్పుడు చేయకుండా చిల్లర ఎగవేసినవాడే ముందుగా చేతికి చిక్కుతున్నాడని భావం.

విశేషము

లియోన్‌లో 1910లో పోలీసు ప్రయోగశాల పెట్టిన ఎడ్మండ్ లొకార్డ్ మతం ప్రకారం, ఎవడు ఎక్కడికి పోయినా అక్కడ ఏదో ఒకటి వదిలిపెట్టి, అక్కడినుంచి ఏదో ఒకటి అంటించుకు వస్తాడు. కవి వదిలినవి మూడువేల అయిదువందలు. అంటించుకు వచ్చినవి పెన్సిలు, పద్యం, చొక్కా మీద కాఫీ మరక. పైన చెప్పిన మతానికి ఇంత సంపూర్ణమైన ఉదాహరణ ఇంకొకటి దొరకదు.

ఇక గిద్దలూరు పాఠం. "చిల్లరడుగు వాడె చేతికందు" అని చదివితే, గేటు దగ్గర నిలబడి నోరు మెదపకుండా చిల్లర అడిగేవాడే దొంగ అవుతాడు. నోరు మెదపకుండా అడగడం ఎట్లా అని శంక వద్దు. నిలబడి చూస్తూ ఉండడమే అడగడం. మన వైపు బస్సుల్లో దిగబోయేవాడు కండక్టరు వైపు చూసే చూపు అదే. ఈ పాఠంలో గేటు మనిషి దృష్టి ఉంది: వెనక పొడుగాటి వరస, ముందు కదలని ఒకడు, వాడి చూపు మూడువందల మీద. ఆ వరసలో నిలబడ్డవాళ్లను అడిగితే గిద్దలూరు పాఠమే సాధువంటారు.

మార్కాపురం వాళ్లు మూలపాఠాన్ని వదలరు. ఒంగోలు బస్సులో కలిసిన ఒక తెలుగు మాస్టారు రెండూ కాదు, "చిల్లరిడిన" అని ఉండాలి అన్నాడు. చిల్లర సరిగ్గా ఇచ్చేవాడే ఈ కాలంలో అనుమానించదగినవాడని ఆయన వాదం. గణం కుదిరింది. టిక్కెట్టు తెచ్చి వెలుగులో పెట్టి, కవి భూతద్దంతో చూద్దామంటే, భూతద్దం గేటు దగ్గర తిరిగి ఇచ్చేశాడట. పెన్సిలు మాత్రమే మిగిలింది.

కవిని అడిగితే, "ఏది రాసినానో నాకు గుర్తులేదు అబ్బీ, మూడువందలు మాత్రం గుర్తున్నాయి" అన్నాడు. మూలకర్త సాక్ష్యం టీకలో చెల్లదు గనుక దాన్ని పరిగణించలేదు.

ఇది నల్లమల వనోపాంత గుండ్లకమ్మా పరిసర బేస్తవారిపేట నివాస, బస్టాండు టీ బంకు విద్వత్సభాంతర బెంచీ మధ్యాసీన, అద్దె డిటెక్టివు నవలా పఠనాపహృత యౌవన, ఆఖరి ఫారపు నిరీక్షణైక జీవన, నామగోపన తత్పర టీకాకార ప్రణీతంబైన టిక్కెట్టు వెనుక ఆటవెలది టీకయందు సర్వంబు నేకాశ్వాసము. ఒకమారు కొనిన టిక్కెట్టు వాపసు తీసుకొనబడదు.